ఖాళీ గడి సున్న కాదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టనేలలలో పల్లెప్రజలు చిరకాలము బావినీటిపైనను, బోరునీటిపైనను ఆధారపడి జీవించిరి. ఇచ్చటి గ్రానైటు శిలలనుండి ఫ్లోరైడు భూగర్భజలములో కరగి చేరును. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రమాణము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లు గారపట్టును. మోతాదు మిక్కిలి హెచ్చైనచో ఎముకలు, కీళ్లు బిగిసిపోవును. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములు ఈ బాధను తరములుగా ఎరిగినవి. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తొలగించు విధానమునకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ "నల్లగొండ పద్ధతి" అనియే పేరు పెట్టినది.

ఇట్టి చోట నీటి పరీక్షల లెక్క తప్పరాదు. నేడు ఇట్టి లెక్కలను కంప్యూటరు తెరపై ఫారములో నింపుదురు. అవి డేటాబేసులోనికి పోవును. ఫారములో ఒక గడిని ఖాళీగా విడిచినచో డేటాబేసు ఏమని వ్రాసికొనవలెను? ప్రశ్న చిన్నది, ఫలితము పెద్దది.

ఒక ఊరిలో ఐదు బోర్లు ఉన్నవనుకొనుడు. మూడింటి నీటిని పరీక్షింపగా ఫ్లోరైడు 2.4, 1.8, 3.0 మిల్లీగ్రాములని తేలినది. మిగిలిన రెంటిని పరీక్షింపలేదు. వాని గడులు ఖాళీ. పరీక్షించిన మూడింటి సగటు 7.2ను 3చే భాగింపగా 2.4. ఇది హద్దును మించినది. కాని ఖాళీ గడులను సున్నలుగా వ్రాసినచో 7.2ను 5చే భాగింపవలెను. అప్పుడు సగటు 1.44 మాత్రమే! ఊరు హద్దులోపల ఉన్నట్లు కనబడును. అంతేకాదు, ఎవరును పరీక్షింపని ఆ రెండు బోర్లే ఊరిలోకెల్ల మంచినీటి బోర్లుగా పట్టికకెక్కును.

వర్షమాపకమును చూచువారికి ఈ భేదము తెలియును. వాన కురియని దినమున వారు సున్న వ్రాయుదురు. మాపకమును చూడని దినమున సున్న వ్రాసినచో, కురిసిన వాన లెక్కలో కురియనిదగును. సున్న అనగా కొలిచి తెలిసికొన్న విలువ. ఖాళీ అనగా తెలియకపోవుట.

1970లో పట్టికల రూపములో డేటాబేసును ప్రతిపాదించిన ఇ. ఎఫ్. కాడ్, 1979లో ప్రకటించిన వ్యాసములో తెలియని విలువకు వేరు గుర్తును వివరించెను. దానికి "నల్" అని పేరు. అది సున్న కాదు, అక్షరములు లేని మాటయు కాదు. సగటు కట్టునపుడు డేటాబేసు నల్‌లను విడిచిపెట్టును.

అట్లయిన పొరపాటు ఎచ్చట పుట్టును? ఖాళీగా విడిచిన గడినుండి బ్రౌజరు నల్‌ను పంపదు. అక్షరములు లేని మాటను పంపును. దానిని అంకెల వరుసలో పెట్టబోయినచో పోస్ట్‌గ్రెస్ నిరాకరించును. మైఎస్‌క్యూఎల్ కఠిన నియమములు లేనపుడు దానిని సున్నగా మార్చి దాచుకొనును. ఒరాకిల్ దానిని నల్‌గానే ఎంచును. కావున ఈ నిర్ణయమును డేటాబేసుకు విడువక, ప్రోగ్రాము వ్రాయువాడే చేయవలెను.

దీనికి నాలుగు జాగ్రత్తలు కలవు. మొదటిది: గడిలోని మాటకు అటునిటు ఉన్న ఖాళీ జాగాలను తొలగించి, ఏమియు మిగులనిచో నల్‌గా దాచవలెను. రెండవది: ఊరి పేరు, తేదీ వంటివి లేనిదే లెక్కకు అర్థము లేదు, అవి ఖాళీగా ఉన్నచో ఫారమును త్రిప్పి పంపవలెను. మూడవది: "పరీక్షింపలేదు", "బోరు ఎండినది", "పరికరము పట్టలేనంత తక్కువ" అను కారణములకు వేరొక గడి ఉంచవలెను. నాలుగవది: పాత లెక్కను దిద్దునపుడు, వ్రాసినవాడు కావలెనని చెరిపిన గడిని, ఫారములో అసలు చూపని గడిని ఒకటిగా ఎంచరాదు. చూపని గడికి పాత విలువను ముట్టుకొనరాదు.

నల్ ఉన్నచోట ప్రశ్నించు తీరును మారవలెను. "1.5ను మించిన బోర్లు ఏవి?" అన్నచో మన ఉదాహరణములో మూడు వచ్చును. "1.5కు మించనివి ఏవి?" అన్నచో ఒక్కటియు రాదు. మిగిలిన రెండు బోర్లు ఏ జాబితాలోను లేవు! తెలియని విలువ హద్దును మించినదా, లేదా అనుటకు జవాబును తెలియనిదే గదా. కావున "విలువ నల్‌గా ఉన్నవి ఏవి?" అని మూడవ ప్రశ్న వేయవలెను. ఆ మూడవ జాబితాయే మరునాడు సీసాలు పట్టుకొని నీటి నమూనాలకు పోవలసిన బోర్ల జాబితా.

ఉపాధ్యాయులు తరగతి హాజరుపట్టీతోనే ఈ విషయమును బోధింపవచ్చును. పరీక్షకు రాని విద్యార్థికి సున్న మార్కులు వేసి సగటు కట్టి, పిదప అతనిని విడిచి కట్టి చూపుడు. రెండు సగటుల నడుమగల తేడా చూచిన విద్యార్థి ఖాళీ గడిని మరల తేలికగా పూరింపడు.