చమురు గొట్టం ముందు గైగర్ గొట్టం

1908లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న హాన్స్ గైగర్‌ ముందున్న పని లెక్కపెట్టడం. రేడియం నుంచి దూసుకొచ్చే ఆల్ఫా కణాలను ఒక్కొక్కటిగా లెక్కించాలి. చీకటి గదిలో కూర్చుని జింక్ సల్ఫైడ్ తెర మీద మెరిసే చుక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తూ లెక్కపెట్టవచ్చు గానీ, కాసేపటికే కళ్లు మొరాయిస్తాయి. అందుకే ఇద్దరూ కలిసి ఒక లోహపు గొట్టం, దాని నడుమ ఒక సన్నని తీగతో పరికరం కట్టారు. కణం లోపలికి రాగానే విద్యున్మాపకం ముల్లు ఉలిక్కిపడేది.

మరో ఇరవై ఏళ్లకు, 1928లో, జర్మనీలోని కీల్ నగరంలో గైగర్ శిష్యుడు వాల్తర్ మ్యూలర్ దాన్ని బీటా, గామా కిరణాలను కూడా పట్టేలా తీర్చిదిద్దాడు. లోపలి ఏర్పాటు పెద్ద చిక్కైనదేమీ కాదు. తక్కువ పీడనంలో వాయువు, తీగకూ గోడకూ మధ్య కొన్ని వందల వోల్టులు. కిరణం ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొడితే అది తీగ వైపు పరుగెత్తుతూ దారిలో మరికొన్నిటిని ఊడగొడుతుంది. క్షణంలో వెల్లువ లేస్తుంది. అదే మనకు వినిపించే 'టిక్'. ఆ వెల్లువను వెంటనే ఆర్పడానికి మొదట్లో ఆల్కహాల్ ఆవిరి వాడేవారు. పనిచేసేకొద్దీ అది తరిగిపోయేది. 1947లో సిడ్నీ లీబ్సన్ హాలోజెన్ వాయువు వాడి చూపించాడు. గొట్టం ఆయుష్షు పెరిగింది, వోల్టేజీ అవసరం తగ్గింది. చేత్తో పట్టుకుని తిరిగే పరికరానికి కావలసిందీ అదే.

ఇక చమురు సంగతి. నూనె బావుల్లో రేడియోధార్మికత ఉందని 1904లోనే తెలుసు. ముడి చమురు నుంచి రేడియోధార్మిక వాయువు వస్తోందని టొరంటోకు చెందిన ఇ.ఎఫ్. బర్టన్ ఆ ఏడాదే ప్రకటించాడు. భూమి లోతుల్లోని రాళ్లలో యురేనియం, థోరియం ఉంటాయి. అవి చాలావరకు రాతిని వదలవు. వాటి నుంచి పుట్టే రేడియం మాత్రం ఉప్పునీటిలో కరిగి, చమురుతో పాటు పైకి వస్తుంది.

ఉత్తర సముద్రంలో కథ ముదిరింది. బావి పీడనం పడిపోకుండా అక్కడ సముద్రపు నీటిని లోపలికి ఎక్కిస్తారు. ఆ నీటిలో సల్ఫేట్, లోపలి నీటిలో బేరియం. రెండూ కలిస్తే బేరియం సల్ఫేట్ గొట్టం గోడకు గట్టిగా పేరుకుంటుంది. రైల్వేకోడూరు దగ్గర మంగంపేటలో తవ్వి, బావుల డ్రిల్లింగు బురదకు బరువు కోసం దేశదేశాలకు పంపే ముగ్గురాయి కూడా ఈ పదార్థమే. తేడా ఏమిటంటే, గొట్టంలో పుట్టే స్ఫటికం పెరుగుతూ పెరుగుతూ పక్కనున్న రేడియాన్ని కూడా పట్టేసుకుంటుంది. రేడియం, బేరియం రసాయన స్వభావంలో తోబుట్టువులు మరి. 1898లో మేరీ క్యూరీ రేడియాన్ని కనిపెట్టింది కూడా బేరియం వెంట వెళ్లే. 1930ల్లో సోవియట్ ప్రభుత్వం ఉఖ్తా ప్రాంతంలో చమురు కోసం తవ్విన బావుల నీటి నుంచి ఖైదీల చేత రేడియం తీయించింది. ఉత్తర సముద్రపు గొట్టాలు అదే పనిని ఎవరూ అడక్కుండానే చేసిపెట్టాయి. 1981లో అక్కడి చమురు వేదికల మీద రేడియం పట్టిన ఈ గట్టి పొర (స్కేలు) బయటపడింది. 1986లో అమెరికాలోని మిసిసిపీలో వాడేసిన ట్యూబింగులో కూడా దొరికింది. అప్పటిదాకా అలాంటి పైపులను యార్డుల్లో పొడిగానే గీకి శుభ్రం చేసేవారు. పాత పైపులు కంచెలకూ పిల్లల ఆటస్థలాలకూ పోయిన సందర్భాలున్నాయి.

గట్టి స్కేలులో రేడియం-226 గ్రాముకు 15,000 బెక్వెరెల్ దాకా ఉండవచ్చని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2003 నివేదిక చెబుతుంది. నియంత్రణ గురించి ఆలోచించాల్సింది గ్రాముకు 1 బెక్వెరెల్ దాటినప్పటి నుంచే. ఈ రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది.

అందుకే ఇప్పుడు యార్డుకు వచ్చిన ప్రతి పైపు ముందుకూ గైగర్ గొట్టం వస్తుంది. పనివాడు ముందు దూరంగా నిలబడి పరిసరాల లెక్క చూస్తాడు: అరచేతిలో ఇమిడే చదునైన ప్రోబుతో నిమిషానికి 30 నుంచి 60 టిక్కులు మామూలే. తర్వాత పైపుకు సెంటీమీటరు దూరంలో ప్రోబును మెల్లగా, సెకనుకు అయిదు సెంటీమీటర్లు మించకుండా నడిపిస్తాడు. తొందరపడితే చిన్న మచ్చ తప్పిపోతుంది. టిక్కుల జోరు పెరిగిందా, పైపు రెండు కొసలకూ మూతలు బిగించి, గుర్తు వేసి పక్కన పెడతారు.

పరికరం అరిచినప్పుడు జాగ్రత్తపడటం తేలికే. అది ఊరుకున్నప్పుడే అసలు పని. గ్యాస్ ప్లాంటుల్లో, రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు ఎక్కువగా ప్రొపేన్ వెంట పోతుంది; రేడాన్ మరుగు ఉష్ణోగ్రత ఈథేన్, ప్రొపేన్ల నడుమ ఉండటమే కారణం. ప్లాంటు నడుస్తున్నంతసేపూ ప్రొపేన్ పంపు బయట కూడా టిక్కులు జోరుగా వినిపిస్తాయి. ఆపి గ్యాస్ తీసేసిన నాలుగు గంటలకు బయట అంతా సద్దుమణుగుతుంది, ఎందుకంటే రేడాన్ క్షీణించగా వెంటనే పుట్టే పదార్థాలు నిమిషాల్లో క్షీణిస్తాయి. లోపలి గోడకు అంటిన సీసం-210 పలుచని పొర మాత్రం అక్కడే ఉంటుంది. దాని అర్ధాయువు 22 ఏళ్లు. దాని బలహీన కిరణాలు ఉక్కును దాటలేవు. కాబట్టి పంపు విప్పాక లోపల మళ్లీ కొలవాలి.

తడి కూడా ఇలాగే మోసం చేస్తుంది. దుమ్ము లేవకుండా స్కేలును తడిపి, అధిక పీడనపు నీటితోనే తొలగించాలి. ఆల్ఫా కణాలు బయటి నుంచి చర్మాన్ని దాటలేవు, ఊపిరితోనో నోటి ద్వారానో లోపలికి వెళ్తేనే హాని. అయితే ఆ నీటి పొరే ఆల్ఫాను ప్రోబుకు చేరనివ్వదు. తడి బూటు మీద ప్రశాంతంగా ఉన్న మీటరు, ఆరాక అరవవచ్చు. అందుకే మాస్కు, చేతి తొడుగులు, పని చోట తినకపోవడం, బీడీ ముట్టకపోవడం అన్నవి మీటరు ఏం చెప్పినా తప్పనివి. ఇంకో సంగతి: గ్యాస్ ఉండే చోటికి నిప్పురవ్వ పుట్టించని రకం పరికరాన్నే తీసుకెళ్లాలి.

1967లో హైదరాబాదులో మొదలైన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ కూడా ఇలాంటి రేడియేషన్ మీటర్లు తయారుచేస్తుంది. ఎవరు చేసినా పొద్దున్నే పరీక్ష ఒకటే: బ్యాటరీ చూడాలి, కాలిబ్రేషన్ గడువు చూడాలి, ప్రోబు ముందున్న సన్నని అభ్రకపు పొర పగల్లేదని చూడాలి, రేడియోధార్మిక సీజియం ఉన్న చిన్న బిళ్ల దగ్గర పెట్టి రీడింగు చీటీ మీది అంకెతో సరిపోతుందో లేదో చూడాలి. సరిపోకపోతే మరో మీటరు వచ్చేదాకా పైపు మూత విప్పరు.