మంచుపొరల మోసము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల బడిపిల్లలకు మంచు అనగా ధనుర్మాసపు వేకువను గడ్డిపోచపై నిలిచెడి బిందువే. అది మనుష్యులను సజీవముగా పాతిపెట్టునన్నచో వారు నమ్మరు. కాని మన పొరుగున, నంద్యాల ప్రాంతపు పార్నపల్లెకు ఆ మంచు దుఃఖమును తెచ్చినది. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై, సుమారు 19,600 అడుగుల ఎత్తున, మద్రాసు రెజిమెంటు 19వ బెటాలియనుకు చెందిన పదిమంది సైనికులు మంచుక్రింద చిక్కుకొనిరి. పార్నపల్లె యువకుడు సిపాయి ముస్తాక్ అహ్మద్ వారిలో ఒకరు.

అక్కడ కూలినది మంచుగడ్డల గోడ. అంతకన్న మోసకరమైనది పలకమంచు. దీనిని గ్రహించుట జమ్మలమడుగు విద్యార్థికి కష్టము కాదు. నాపరాళ్ళ దొంతరలు చూచినవాడే కదా! వాలుగా నిలిపిన నాపరాతిపై ఇసుక చల్లి, దానిమీద మరియొక రాయి పెట్టినచో ఏమగునో అతనికి వేరుగా చెప్పనక్కరలేదు.

కొండవాలున మంచు ఒక్క ముద్దగా ఉండదు. కురిసిన ప్రతిసారి ఒక పొర యేర్పడును. అడుగున నేల ప్రక్క కొంత వెచ్చదనము, పైన అతిశీతలమైన గాలి. ఈ తేడావలన ఆవిరి పైకి ప్రాకుచు, అడుగు పొరలోని రేణువులను పంచదార పలుకులవలె మార్చును. ఆ పలుకులు ఒకదానినొకటి అంటవు. వాటిపై గాలి తెచ్చి పేర్చిన గట్టి పలక నిలిచియుండును. 30 నుండి 45 డిగ్రీల వాలు మిక్కిలి అపాయకరము. అంతకన్న నిటారైన చోట మంచు నిలువక ఎప్పటికప్పుడు రాలిపోవును. పలక తెగుటకు ఒక్క మనిషి అడుగు చాలును. పర్వతారోహకులను కబళించిన పలకలను పెక్కుసార్లు కదిలించినది వారో, వారి తోడివారో అగుట విచారకరము.

అందుచేత తెలిసినవారు ముందుగా మంచులో గుంట త్రవ్వి పొరలను పరీక్షింతురు. పొరలోనికి పిడికిలి దిగునా, నాలుగు వ్రేళ్ళా, ఒక్క వ్రేలా, పెన్సిలా, కత్తియా? కఠినత్వమునకు ఇదియే కొలత. ఇంత గొప్ప అపాయమునకు ఇంత చిన్న పనిముట్లు! గట్టి పొర క్రింద పిడికిలి దిగెడి మెత్తని పొర కనబడినచో వెనుదిరుగుటయే తెలివి.

కప్పబడినవానికి కాలమే ప్రాణము. మొదటి పది నిమిషములలో వెలికితీసినచో పలువురు బ్రతుకుదురు. అరగంట దాటినచో ఆశ సన్నగిల్లును. జారునప్పుడు నీటివలె పారిన మంచు, ఆగినంతనే బిగిసిపోవును. చేతులతో త్రవ్వ శక్యము కాదు. సియాచిన్‌లో ఆరవ దినమున, ఇరువదియైదడుగుల లోతునుండి, కర్ణాటకకు చెందిన లాన్స్‌నాయక్ హనుమంతప్ప కొనయూపిరితో బయటపడినప్పుడు దేశమంతయు విస్మయము చెందినది. ఆయనయు ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూసెను. ముస్తాక్ అహ్మద్‌తో సహా తక్కిన తొమ్మండుగురు మంచుక్రిందనే గతించిరి.