గోదారి ఒడ్డున పుదుచ్చేరి

కాకినాడలో అమలాపురం బస్సెక్కితే తాళ్లరేవు దాటాక కాసేపు ఆంధ్రప్రదేశ్‌ను వదిలేస్తాం. యానాం మీదుగా ఎదుర్లంక వంతెనెక్కి, గౌతమి అవతల మళ్లీ ఆంధ్రలో దిగుతాం. 30 చదరపు కిలోమీటర్ల ఊరు, 2011 లెక్కల్లో 55,626 మంది. మాట తెలుగు, చేపల బజారులో గిరాకీ పులసకు. పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరిది.

దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన ముగిసింది. చట్టపరమైన అప్పగింత 1962 ఆగస్టు 16న జరిగింది. ప్రజల అభిప్రాయం తెలుసుకోకుండా ఇక్కడి ప్రత్యేక ప్రతిపత్తిని మార్చకూడదని అప్పగింత ఒప్పందంలోనే రాసుకున్నారు. యానాం పక్క జిల్లాలో కలిసిపోకుండా నిలవడానికి అదొక బలమైన ఆధారం.

ఈ సరిహద్దు మొదటినుంచీ బతుకుతెరువే. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలకు చుట్టుపక్కల వాళ్లు ఫ్రెంచి యానాం వచ్చేవారు. ఆ పిల్లల్ని తలచుకుంటే ఆ చరిత్రను మురిపెంగా చెప్పుకోలేం. తర్వాతి కాలంలో అమ్మకం పన్ను తక్కువ కావడంతో కొనుగోలుదారులు వచ్చారు. 2017లో జీఎస్టీ వచ్చి చాలా సరుకుల మీద ఆ తేడాను చెరిపేసింది. దాని పరిధిలోకి రాని మద్యం, పెట్రోలు మిగిలాయి. పక్క ప్రభుత్వం ధర మారిస్తే తలకిందులయ్యే వ్యాపారం మీద ఊరు ఆధారపడకూడదు. అయితే నిలకడైన ఉపాధి ఇచ్చిన రీజెన్సీ టైల్స్ ఫ్యాక్టరీ 2012 జనవరి 27న రక్తసిక్తమైంది. కార్మిక నాయకుడు మురళీమోహన్, కంపెనీ ప్రెసిడెంట్ చంద్రశేఖర్ ఒకే రోజు ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి మూతపడింది. ఆ దెబ్బ సరిహద్దు దాటి పక్క పల్లెల కూలీలకూ తగిలింది.

ఎన్నికలతో నిండే 30 పుదుచ్చేరి అసెంబ్లీ స్థానాల్లో యానాంది ఒకటే. అయినా 2021లో ఇక్కడి ఓటర్లు స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్‌ను గెలిపించి, ఎన్.రంగసామిని ఓడించారు. రంగసామి తాను పోటీచేసిన మరో స్థానం తట్టాంచావడిలో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి నియోజకవర్గం అయ్యే అవకాశాన్ని వదులుకోవడానికి ఏ ఊరికైనా తెగువ కావాలి.

అసలు లోటు మరోచోట ఉంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమంతటిలాగే ఇక్కడా 2006లో స్థానిక ఎన్నికలు జరిగాక, ఆ పాలకవర్గాల గడువు తీరి ఏళ్లు గడిచినా మళ్లీ ఎన్నికలు పెట్టలేదు. రాజధాని ఇంత దూరమైన ఊళ్లో వీధి కాలువ గురించి నిలదీయడానికైనా ఒక వార్డు సభ్యుడు ఉండాలి.