దుకాణం వర్తకునిది - దాని ముఖం ఎవరిది?

కొత్తపేట పండ్ల మార్కెట్టుకు బత్తాయి తోలిన రైతులు మన జిల్లాలో ఊరికి కొందరైనా ఉంటారు. ఆ టోకు బేరం అక్కడికి తరలక ముందు, 1980ల దాకా, హైదరాబాదు నడిబొడ్డున ఉన్న మొజంజాహీ మార్కెట్టులో సాగింది. 1935 నాటి ఆ రాతి బజారుకు ఏడవ నిజాం రెండవ కుమారుని పేరు పెట్టారు. రెండు రోడ్లు కలిసే మూల మీద గడియార గోపురం, అక్కడి నుంచి ఒక్కో రోడ్డు వెంట దుకాణాల వరుస, నడుమ ఖాళీ జాగా. చూడనివారు ఈసారి పట్నం పోయినప్పుడు చూసి రావలసిందే.

పండ్ల బేరం పోయినా ఐస్‌క్రీం, అత్తరు దుకాణాలు నిలిచాయి. బేరం ఉన్నచోట బోర్డులు పెరగడం సహజం. పక్కవాని బోర్డు నాలుగడుగులైతే మనది ఆరడుగులు కావాలి! ఏళ్లు గడిచేసరికి బోర్డులు, రేకులు, వైర్లు కలిసి రాతి ముఖాన్ని కమ్మేశాయి. ఇది ఒక్క వర్తకుని తప్పు అనడం న్యాయం కాదు. వానకు సరుకు తడుస్తుంటే రేకు వేయక ఏం చేస్తాడు? అతనికి తన గుమ్మమే కనబడుతుంది. వరుస మొత్తం ఎలా ఉందో చూడడం అతని పని కాదు.

ఆ పని చూడడానికే 1995లో ఒక ఏర్పాటు జరిగింది. ఆ ఏడు బొంబాయి చేసిన పద్ధతినే అనుసరించి, హైదరాబాదులో హుడా నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. జాబితాకెక్కిన పాత కట్టడాన్ని కూల్చాలన్నా, పెంచాలన్నా, మరమ్మతు చేయాలన్నా, ఆఖరుకు పూత పూసి రంగు వేయాలన్నా ముందుగా అనుమతి పొందవలసి ఉండేది. హుడా ఒక వారసత్వ కమిటీ సలహా తీసుకొని ఉత్తరువు ఇచ్చేది.

రంగుకు కూడా అనుమతి ఏమిటని నవ్వేవారున్నారు. తాపీ మేస్త్రీని అడిగితే నవ్వరు. సున్నంతో కట్టిన పాత గోడకు చెమ్మ పీల్చి వదిలే గుణం ఉంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, సున్నం పొడిపొడి అయి, కొన్నేళ్లకు పెచ్చులు లేస్తాయి. యజమాని బాగు చేశాననే అనుకుంటాడు, గోడ మాత్రం చెడుతుంది. నామఫలకం సంగతీ అంతే. కమాను కింద ఇమిడేలా కడితే చిక్కు లేదు. కమానుకు అడ్డంగా బిగిస్తే కమానూ కనబడదు, రాతిలో కొట్టిన మేకులూ మిగులుతాయి.

అయితే ఆ 13వ నిబంధనను తెలంగాణ ప్రభుత్వం 2015లో తొలగించింది. 2017లో వారసత్వ పరిరక్షణకు కొత్త చట్టం తెచ్చారు. మొజంజాహీ మార్కెట్టుకు మాత్రం అదృష్టం కలిసివచ్చింది. 2018లో పనులు మొదలుపెట్టి రేకులు, అడ్డదిడ్డపు కట్టడాలు తీసివేసి, బోర్డులన్నీ ఒకే తీరున చేయించి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. రాయి బయటపడింది. గడియారం బాగుపడింది. ఇన్నాళ్లూ దాని పక్కనే తిరిగినవారు కూడా ఆగి చూశారంటే ఆశ్చర్యం లేదు.

పట్నం మాట అలా ఉంచి మన మండల కేంద్రాలకు వద్దాం. పాత బజార్లలో టేకు స్తంభాల అరుగులు, బంగళాపెంకుల చూర్లున్న కోమటి అంగళ్లు ఇంకా అక్కడక్కడ మిగిలాయి. వాటి ముందు అల్యూమినియం రేకు, అద్దం బిగిస్తున్నారు. అనుమతికి పోతే పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని అడిగేది రోడ్డు నుంచి ఎంత వదిలావు, ఎన్ని అంతస్తులు అనే. చెక్కిన స్తంభం ఏమవుతుందని అడిగే గడి ఆ కాగితంలో ఉండదు.

2017 చట్టంలో జిల్లాలకు కూడా వారసత్వ కమిటీలు చెప్పారు. కాని పట్టీలో పేరు లేని అంగడి వాటి ముందుకు రాదు. ఏ బజారులో ఏ అంగడి ఉందో ఆ ఊరివారు రాసి కలెక్టరు కార్యాలయంలో ఇస్తే, అడగడానికి ఒక కాగితమైనా ఉంటుంది. ఈలోగా అద్దాల పని ఆగదు.