మోకాలి శస్త్రచికిత్స – మందుకు లొంగని సూక్ష్మజీవులు

అరిగిన మోకాలి కీలును తొలగించి లోహపు కీలు నమర్చుట నేడు మన పట్టణములలో సామాన్యమైనది. శస్త్రవైద్యుని హస్తవాసిని గూర్చి బంధువులందఱు విచారింతురు గాని, రోగి ముక్కును గూర్చి విచారించువా రరుదు. చిక్కు పెక్కుమార్లు అచ్చటనే యున్నది.

స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండరు ఆగ్‌స్టన్ చీములో ద్రాక్షగుత్తులవలె గుమిగూడిన సూక్ష్మజీవులను చూచి, 1882లో వానికి స్టాఫిలోకాకస్ అని పేరిడెను. వీనిలో బంగారువన్నె జాతి ఆరోగ్యవంతులలో సైతము నూటికి సుమారు ముప్పదిమంది ముక్కులలో ఏ బాధయు కలిగింపక నివసించుచుండును. పెనిసిలినుకు లొంగని తెగలు ప్రబలగా 1959లో మెథిసిలిన్ వచ్చినది. 1961 నాటికే దానికిని లొంగని తెగ ఇంగ్లండులో వెల్లడియైనది. ఇట్టివానిని మోయువారు రోగులు కారు, వాహకులు మాత్రమే. వారిని అంటరానివారినిగా చూచుట అజ్ఞానము.

అయితే చర్మమును కోసినపుడు కథ మాఱును. ముక్కునుండి చేతికి, చేతినుండి చర్మమునకు ప్రాకిన జీవులు గాయమున ప్రవేశించును. లోహమునకు రక్తప్రసారము లేదు గదా! దానిపై ఇవి జిగురుపొర నల్లుకొని, ఆ మాటున దాగును. మందు అచ్చట చాలినంత పనిచేయదు. అందుచే వాహకులకు అపాయము హెచ్చు. కీలు మార్పిడి పొందినవారిలో చీముపట్టుట నూటికి ఒకరిద్దరికే. కాని పట్టినచో అమర్చిన కీలును ఊడదీసి, వారములు, నెలలు మందులు వాడి, మరల అమర్చవలసిన దుస్థితి రావచ్చును. ఇంటిల్లిపాదికి అదెంత భారమో చెప్పనక్కఱలేదు.

ముందుగా నిర్ణయించుకొన్న చికిత్సలో నొక మేలున్నది: వ్యవధి. పుల్లకు చుట్టిన దూదితో ముక్కులోపల తుడిచి పరీక్షింపవచ్చును. వాహకుడని తేలినచో మ్యూపిరోసిన్ లేపనమును దినమునకు రెండుమార్లు ఐదు దినములు ముక్కులో పూసి, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానము చేయింతురు. 2010లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో ఈ పద్ధతిచే ఆ జీవివలని ఉపద్రవము 7.7 శాతమునుండి 3.4 శాతమునకు తగ్గినది. అచ్చటివి మెథిసిలినుకు లొంగు తెగలే యనుట గమనింపదగినది. లొంగని తెగయైనచో కోతకు ముందిచ్చు మందునకు వాన్కోమైసిన్ చేర్తురు. దానిని మెల్లగా నెక్కింపవలెను గనుక ముందుగనే ఆరంభింపవలెను. ప్రేవులలో నుండు మొండి జీవులకు మాత్రము ఈ లేపనము పనికిరాదు.

ఇంటివద్దనే కత్తితో వెండ్రుకలు గొరిగించుకొని పోవుట శుభ్రమను భ్రమ కొందఱికి గలదు. ఆ సన్నని గీతలే సూక్ష్మజీవులకు ద్వారములు.

పొరుగుభాషా ప్రాంతములలోని మన పెద్దలు వైద్యుని ప్రశ్న బోధపడక తల యూచుట కలదు. పూర్వము ఆసుపత్రిలో నున్న కాలము, వాడిన మందులు, మానని కురుపులు – వీని వివరములు వ్రాసిన కాగితములను వెంట గొనిపోయి, భాష తెలిసిన బిడ్డనో మనుమనినో తోడ నుంచుకొనవలెను.