హీటర్ రాడ్‌కి స్మార్ట్ ప్లగ్ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

చలికాలం రాగానే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, వాటర్ హీటర్ రాడ్‌కి స్మార్ట్ ప్లగ్ పెట్టొచ్చా? దుప్పట్లోంచే ఆన్ చేసుకోవచ్చు కదా!" పెట్టొచ్చు. కానీ స్మార్ట్ ప్లగ్ ఉన్నది సౌకర్యం కోసం, షాక్ నుంచి కాపాడటానికి కాదు.

ముందు లెక్క

1500 వాట్ల రాడ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 6.5 ఆంప్స్ లాగుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంప్స్ సాకెట్ దీనికి చాలదు. సాకెట్, స్మార్ట్ ప్లగ్ రెండూ 16 ఆంప్స్‌వే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు.

షాక్ ఎలా కొడుతుంది?

రాడ్ లోపల నిక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన మెటల్ గొట్టం ఉంటాయి. ఆ పొడి వేడిని బయటికి పంపుతుంది, కరెంటుని మాత్రం ఆపుతుంది. నీళ్లు లేకుండా ఆన్ చేసినా, బోరు నీళ్ల వల్ల తెల్లటి పొర మందంగా పేరుకున్నా గొట్టం అతిగా వేడెక్కి పగలొచ్చు. ఆ పగులులోంచి తడి లోపలికి వెళ్తే కరెంటు గొట్టంలోకి, నీళ్లలోకి వచ్చేస్తుంది.

యాప్‌లో 'ఆఫ్' అంటే సేఫ్ కాదు

చాలా స్మార్ట్ ప్లగ్‌లు ఒక్క వైరునే కట్ చేస్తాయి. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారుగా ఉంటే, యాప్ ఆఫ్ చూపిస్తున్నా రాడ్‌లో ఫేజ్ ఉంటుంది. లోపలి రిలే అతుక్కుపోయినా అంతే. అందుకే ప్లగ్ పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. వేలు ముంచి వేడి చూడటం మానేయండి.

దూరం నుంచి ఆన్ చేయడం కూడా వద్దంటాను. బకెట్‌లో నీళ్లున్నాయో లేదో, పక్కన చిన్నపిల్లలు ఉన్నారో లేదో యాప్‌కి తెలియదు. ఆటో ఆఫ్ మాత్రం బాగా పనికొస్తుంది. 20 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి రావడానికి ఈ రాడ్‌తో సుమారు 25 నిమిషాలు పడుతుంది. టైమర్ అంతకే పెట్టండి.

ఎంసీబీ ఉందిగా?

ఎంసీబీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ కోసం. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా చాలు. 16 ఆంప్స్ ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఇక్కడ కావాల్సింది 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు మధ్య తేడా కనిపెట్టి క్షణంలోపే లైన్ కట్ చేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. ట్రిప్ అవ్వకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎర్తింగ్ కూడా ముఖ్యమే. ప్లాస్టిక్ బకెట్ కరెంటుని భూమిలోకి పోనివ్వదు. ఎర్త్ లేకపోతే లీకైన కరెంటుకి దొరికే మొదటి దారి మీ ఒళ్లే. ఎర్త్ బాగుంటే మీరు ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంది. మూడో పిన్ విరగ్గొట్టిన ప్లగ్ వాడొద్దు.

నా మాట

డబ్బులు ఈ వరుసలో పెట్టండి: ఎర్తింగ్, ఆర్‌సీసీబీ, ఐఎస్‌ఐ మార్కు ఉన్న రాడ్. స్మార్ట్ ప్లగ్ ఆఖరున. మీ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో ఇవాళే చూడండి.