అయిదో తీగెకు పట్టా మేకు

మన దగ్గర బెంజో అంటే టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలుండే పొడుగాటి పెట్టె. కవ్వాలీల్లో మోగేది అదే. దాని అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. జపాన్ వాళ్ళ తైషోగోతోకు అది మనవరాలు. నేను చెప్పబోయేది వేరే బాంజో గురించి. చర్మం బిగించిన గుండ్రటి చట్రం, దాని మీదుగా అయిదు తీగెలు, పొడుగాటి దండి ఉండే అమెరికా బాంజో అది. మా మేనల్లుడు సెలవులకు గోదావరిఖని వచ్చినప్పుడు దాన్ని వెంట తెచ్చాడు. ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకు చూపిద్దామని ఒకరోజు క్లాసుకు తీసుకుపోయాను. శ్రుతి పెంచడానికి దండి మీద అడ్డంగా బిగించే క్యాపో పెట్టి చూపిస్తుంటే వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, ఆ పట్టీ నాలుగు తీగెలనే పట్టింది గదా. అయిదోదాన్ని ఎట్ల పెంచుతరు?"

సంగీతం తెలియని కన్నే ఇలాంటి చోట ఆగుతుంది. ఆ పిల్లవాడు అడిగింది బాంజో వాయించేవాళ్ళ మధ్య ఇప్పటికీ తెగని పంచాయితీ.

ఈ వాద్యంలో నాలుగు తీగెలు దండి తల నుంచి బయలుదేరతాయి. అయిదోది మాత్రం దారి మధ్యలో, అయిదో మెట్టు దగ్గర, దండి పక్కకు పొడుచుకొచ్చిన బిరడ నుంచి మొదలవుతుంది. ఎడమ చెయ్యి దాన్ని సాధారణంగా ముట్టదు. కుడి బొటనవేలు మాత్రం పాట పొడుగునా దాన్ని మీటుతూనే ఉంటుంది. వీణ మీద చిటికెన వేలితో మీటే పక్క తీగెలు ఉన్నాయే, అదే కులం. రాగం పలకడం వాటి పని కాదు, శ్రుతి నిలబెట్టడం వాటి పని. ఈ పొట్టి తీగెను వర్జీనియాకు చెందిన జోయెల్ స్వీనీ అనే తెల్ల కళాకారుడు 19వ శతాబ్దంలో కనిపెట్టాడని చాలాకాలం ప్రచారం చేశారు. అది ఒట్టి మాట. స్వీనీ పుట్టింది 1810లో. సౌత్ కరోలినాలో అంతకు ఇరవై ఏళ్ళ ముందే గీసిన 'ది ఓల్డ్ ప్లాంటేషన్' అనే చిత్రంలో బానిస కూలీ చేతిలోని సొరకాయ బుర్ర బాంజోకు ఆ పొట్టి తీగె కనిపిస్తూనే ఉంది. పడమటి ఆఫ్రికా వాద్యం అకోంటింగ్‌కూ అలాంటి తీగె ఉంది. ఓడల్లో బందీలుగా వచ్చినవాళ్ళు జ్ఞాపకంలో మోసుకొచ్చిన తీగె అది.

ఇక చిక్కు సంగతి. బాంజోను మామూలుగా జి శ్రుతిలో పెడతారు. పాడేవాళ్ళకు ఎ కావాలంటే రెండో మెట్టు మీద క్యాపో బిగిస్తే నాలుగు తీగెలూ రెండు స్వరస్థానాలు ఒకేసారి ఎక్కుతాయి. అయిదో తీగెకు రెండో మెట్టు అన్నదే లేదు, అది పుట్టేదే అయిదో మెట్టు దగ్గర. అది 392 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది, మిగతావి దాన్ని వదిలి పైకి పోతాయి. దాన్ని 440కి చేర్చాలంటే ఏడో మెట్టు దగ్గర నొక్కిపట్టాలి. క్యాపో నాలుగో మెట్టుకు పోతే, అంటే శ్రుతి బి అయితే, తొమ్మిదో మెట్టు దగ్గర నొక్కాలి. క్యాపో మెట్టుకు అయిదు కలుపుకుంటే సరిపోతుంది. లెక్క తేలికే, నొక్కి ఉంచేది ఎవరన్నదే తేలలేదు.

బిరడ తిప్పేస్తే పోలేదా? చాలామంది చేసేది అదే. ఇక్కడే నాకు నచ్చిన భౌతికశాస్త్రం ఉంది. తీగె బిగువు స్వరానికి వర్గానుపాతంలో పెరుగుతుంది. రెండు స్వరస్థానాలకు 26 శాతం, నాలుగింటికి దాదాపు 59 శాతం. అంగుళంలో వెయ్యోవంతులు తొమ్మిది మందమున్న ఉక్కు తీగె జి దగ్గర సుమారు అయిదు కిలోల బిగువుతో ఉంటుంది. బి దగ్గరికి లాగితే ఎనిమిది కిలోలకు చేరుతుంది. సన్న తీగె వేసుకుంటే భారం తగ్గుతుంది గదా అని మనకు తోస్తుంది. బిగువు తగ్గేమాట నిజమే, కానీ దాన్ని మోసే ఉక్కు కూడా అంతే తగ్గుతుంది. చదరపు మిల్లీమీటరు మీద పడే భారం తీగె మందంతో మారదు. దాన్ని తేల్చేవి రెండే: తీగె పొడవు, పలికే స్వరం. ఆ రెంటినీ గుణించి చూడండి. మొదటి తీగె పొడవు 0.667 మీటరు, స్వరం 294 హెర్ట్జ్. అయిదోది 0.5 మీటరు, 392 హెర్ట్జ్. రెండు చోట్లా 196 వస్తుంది. అందుకే ఆ రెండు తీగెలూ ఒకే మందంలో అమ్ముతారు. ఎత్తు స్వరం ఉండీ అయిదో తీగె తెగకపోవడానికి దాని పొట్టితనమే కారణం. దాన్ని ఇంకా పైకి లాగితే ఆ లాభం పోతుంది. ఉక్కు నిలువునా ఓర్చుకున్నా, బిరడకు చుట్టుకునే మలుపు దగ్గర ఓర్చుకోదు. పైగా తీగెలను మోసే గుర్రం నిలబడింది చర్మం మీద. ఒక తీగెను బిగిస్తే చర్మం కాస్త కుంగి తక్కిన నాలుగూ శ్రుతి జారతాయి. ఎ వరకు తిప్పడం పరవాలేదు గానీ బి వరకు తిప్పేవాళ్ళను చూస్తే నాకు గుబులు.

మెట్టు దగ్గర నొక్కిపట్టడానికి దొరికిన ఉపాయాల్లో రెండు గట్టివి. ఒకటి జారుడు క్యాపో. దండి పక్కన సన్నటి లోహపు కమ్మీ బిగించి, దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే చిన్న చెయ్యి పెడతారు. ఆ చెయ్యి తీగెను నొక్కుతుంది. 1970ల్లో రిక్ షబ్, డేవ్ కూంట్జ్ కలిసి చేసినది వీటిలో పేరుపొందింది. తర్వాత లోకమంతా వాడిన వాళ్ళ గిటార్ క్యాపోకు ఈ పొట్టి తీగె గొడవే తొలిమెట్టు.

రెండోది విన్నప్పుడు మా క్లాసు క్లాసంతా నవ్వింది. ఆట రైళ్ళ పట్టాలను చెక్కకు బిగించే మేకు! అసలు రైలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ నమూనా రైళ్ళకోసం చేసినది, అర అంగుళం కూడా ఉండదు. దాన్ని బాంజో దండి మీద ఏడో మెట్టు వెనక ఒకటి, తొమ్మిదో మెట్టు వెనక ఒకటి దిగ్గొడతారు. కావలసినప్పుడు తీగెను వేలితో పక్కకు నెట్టి మేకు తల కిందికి దూర్చడమే, వద్దనుకుంటే బయటికి లాగేయడమే. మరలు లేవు, స్ప్రింగులు లేవు. బొగ్గుబాయిల ఊళ్ళో పెరిగిన పిల్లలకు డాగ్ స్పైక్ ఎలా ఉంటుందో నేను బొమ్మ గీయనక్కర్లేదు. ఒక పక్కకు వంగిన తల, నలుచదరపు ఒళ్ళు. టబ్బులు నడిచే పట్టా అంచును ఆ తల కర్ర స్లీపరుకు అదిమిపట్టి పైకి లేవనివ్వదు. తీగె విషయంలోనూ అంతే. పెద్ద లైన్లలో కాంక్రీటు స్లీపర్లు, స్ప్రింగు క్లిప్పులు వచ్చి ఆ మేకు వెనకబడింది గానీ, బాంజో మీద దాని ఉద్యోగం పోలేదు.

మేకులో కిటుకంతా అది ఎంత ఎత్తున నిలబడిందన్నదే. తల కింద దూర్చడానికి తీగెను ఉన్నచోటి నుంచి రెండు మిల్లీమీటర్లు జరపాల్సి వచ్చిందనుకోండి. దానివల్ల తీగె సాగేది మిల్లీమీటరులో వందో వంతులు నాలుగు, వెంట్రుక మందం కూడా కాదు. కానీ ఉక్కు సాగడానికి ఒప్పుకోదు గనక బిగువు దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతుంది, 440 పలకాల్సినది 443 పలుకుతుంది. మూడో తీగె పై స్థాయితో కలిపి మీటితే సెకనుకు మూడుసార్లు ఊగే అల చెవికి స్పష్టంగా తగులుతుంది. అదే ఒక్క మిల్లీమీటరే జరిగేలా మేకు దిగ్గొడితే? హెచ్చు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. సాగుడు జరిపిన దూరానికి వర్గంలో పెరుగుతుంది మరి. అప్పుడు స్వరం 441 కూడా చేరదు. అందుకే మేకును తీగె పక్కనే, తగలకుండా, మెట్టుకు కాస్త వెనక, తల కింద తీగె పట్టేంత సందు మాత్రమే ఉంచి దించాలి. ముందు సన్న బిట్టుతో బెజ్జం వేయకపోతే చెక్క చీలుతుంది. మెట్ల పలకకు వాడేది తరచుగా జిట్రేగి, లేదా మన బీడీ ఆకు తునికికి చుట్టమైన ఎబొని. రెండూ మొండి చెక్కలే.

జారుడు క్యాపో ఏ మెట్టు దగ్గరైనా ఆగుతుంది, పలక మీద బెజ్జం పడదు. నిజమే. కానీ కమ్మీ బిగించిన మరలు దండి పక్కన మిగులుతాయి, ఎడమ బొటనవేలు జారే దారిలో ఒక ఇనుప ముక్క వచ్చి కూర్చుంటుంది. మరను ఎక్కువ బిగిస్తే అదీ తీగెను హెచ్చిస్తుంది. నా ఓటు మేకుకే. పాత కాలపు విలువైన బాంజో అయితే మాత్రం బెజ్జం జోలికి పోకుండా బిరడతో సరిపెట్టుకోవాలంటాను.

తక్కిన చరిత్ర గబగబా చెప్పేస్తాను. లండన్‌లో స్థిరపడ్డ అమెరికన్ ఆల్‌ఫ్రెడ్ క్యామెయర్ 19వ శతాబ్దం చివర ప్రచారంలోకి తెచ్చిన జిథర్ బాంజోలో అయిదో తీగె దండి లోపలి గొట్టంలోంచి తల దాకా పోతుంది. పక్క బిరడ పోయింది గానీ క్యాపో చిక్కు ఎక్కడిదక్కడే ఉంది. అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ దండినే మూడు మెట్లు పొడిగించి కింది శ్రుతులు సంపాదించాడు. ఆయన బాంజోలో పక్క బిరడ ఎనిమిదో మెట్టుకు జరిగింది, అంతే తేడా. 1945 చివర్లో అమెరికా గాయకుడు బిల్ మన్రో బృందంలో బాంజో వాయించే ఎర్ల్ స్క్రగ్స్ చేరాక మూడు వేళ్ళ జోరు వాయిద్యం ఊపందుకుంది. ఫిడేలుకూ గాయకులకూ ఎ, బి శ్రుతులు ఇష్టం, బాంజో వాళ్ళకు జి పట్టులు వదలడం ఇష్టం లేదు. మేకులకు గిరాకీ అక్కడే.

ఎన్ని మేకులు కొట్టాలన్నది చివరి తగాదా. ఏడు, తొమ్మిది తప్పవు. మూడో మెట్టు క్యాపోతో బి ఫ్లాట్ వాయించేవాళ్ళు ఎనిమిదో మెట్టు దగ్గర ఇంకొకటి కొట్టుకుంటారు. పదో మెట్టు దగ్గర కూడా కొట్టేవాళ్ళున్నారు, అది అక్కర్లేదంటాను. అయిదో మెట్టున క్యాపో పెడితే శ్రుతి సి అవుతుంది, ముట్టుకోకుండా వదిలేసిన అయిదో తీగె జి దగ్గరే ఉంటుంది. సి షడ్జమమైతే జి పంచమం. తంబురా వినే చెవికి అక్కడ లోటేమీ తెలియదు.